నవ్వించిన ఏడుపు

"ఆ పొయ్యి వెలిగించేవంటే నేను ఊరుకోనమ్మా" అన్నాడు నాగబాబు.

నాగదుర్గ చేతిలో లైటరు అలాగే ఉండిపోయింది. గట్టు మీద బేసిన్లో మసాలా పట్టించిన మాంసం, పళ్ళెం నిండా తరిగిన ఉల్లిపాయలు, నానిన బియ్యం. ఒంటిగంటకి భోజనానికి మనిషొస్తాడు. ఇప్పుడు పదకొండున్నర.

"కేకలెయ్యకురా. సారు హాల్లో ఉన్నారు."

"ఉండనీ. ఆయన వినాలనే అరుస్తున్నాను."

ఈ అరబ్బు దేశానికి, ఉమ్ అల్ క్వైన్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీలో పనికొచ్చి రెండేళ్ళయినా, అల్ కుసైస్‌లో తల్లి పనిచేసే ఈ ఫ్లాటు గడప నాగబాబు ఇప్పటిదాకా తొక్కలేదు. సెలవు రోజున వస్తే కింద పార్కింగు దగ్గర నిలబడి ఫోన్ చేసేవాడు. ఆవిడే ఏదో డబ్బాలో కట్టుకుని లిఫ్టు దిగేది. ఇవాళ తిన్నగా పైకొచ్చి బెల్లు కొట్టాడు. ఇంటి యజమాని శ్యాంప్రసాద్ తలుపు తీస్తే ఒక్క మాట మాట్లాడకుండా పక్కనుంచి దాటుకుని వంటింట్లోకి వచ్చేశాడు.

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఆయన భార్య వాసంతి గుమ్మంలోకి వచ్చింది.

"ఏమైంది నాగదుర్గా? ఎవరీ అబ్బాయి?"

"మా నాగబాబండి. ఏదో కోపంలో ఉన్నాడు. పంపించేస్తానండి."

"నేనెళ్ళను" అన్నాడు నాగబాబు. "మేడంగారూ, ఆ సీరియల్ రాసింది మీరే కదండీ? అయ్యగారి చావు తెలివి?"

వాసంతి ముఖంలోకి వెలుగొచ్చింది. మూడు వారాలుగా ఆ ప్రశ్న ఎవరడిగినా అంతే.

"నేనే. అది ఫ్రెంచి నాటకం. మూడు వందల యాభై ఏళ్ళ కిందటిది. దాన్ని మన తెలుగు టీవీకి..."

"అయితే ఇది వినండి."

ఫోన్ తీసి ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. నిమిషం కూడా లేని వీడియో ముక్క. వరండాలో చాప మీద పెద్దాయన ఒకడు కాళ్ళు బారజాపి పడుకుని ఉన్నాడు. పనిమనిషి వేషం వేసిన నటి గుండెలు బాదుకుంటోంది.

"ఆవకాయ జాడీ నేనొచ్చేదాకా ముట్టుకోవద్దన్నాను. ఆ మాటకే అలిగెళ్ళిపోయేరా అయ్యగారూ? లెండి. మూత నేనే తీస్తాను. అడుగుదాకా మీరే తినెయ్యండి, నాకు ముద్ద కూడా వద్దు. లెండి!"

ఆ వెంటనే నవ్వులు. ఎక్కడో రికార్డు చేసి తెచ్చి అతికించిన గుంపు నవ్వులు. అవి ఆగేలోపే ముక్క మళ్ళీ మొదలైంది. నాగబాబు ఆపలేదు. మూడోసారి వినిపించాక ఆపాడు.

నాగదుర్గ లైటరు గట్టు మీద పెట్టేసింది.

"శుక్రవారం నించీ మా లేబర్ క్యాంపులో ఇదేనండి. పొద్దున్నే బస్సెక్కేటప్పుడు ఒకడు గుండెలు బాదుకుని ఆవకాయ జాడీ అంటాడు. బస్సు బస్సంతా నవ్వుద్ది. నేనూ నవ్వేను. మొదటిసారి విన్నప్పుడు నేను కూడా నవ్వేనండీ! సగం నవ్వేక తెలిసింది, అవి ఎవరి మాటలో."

 ఆ వెంటనే తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"నీకు సిగ్గులేదా అమ్మా? నాన్న శవం దగ్గర ఏడ్చిన ఏడుపు ఊరందరికీ చెప్పుకున్నావా? పని చేసే ఇళ్ళల్లో కూచుని కబుర్లు చెప్పుకున్నావా?"

"నేను చెప్పలేదురా."

"మరి ఈవిడగారికి కలొచ్చిందా?"

"చెప్పలేదన్నాను కదా! మీ మావయ్యకి చెప్పలేదు. మా తోడికోడలికి చెప్పలేదు. ఆ మాటలు నేను మళ్ళీ నోటితో అనలేదు."

"నాగదుర్గా, అట్ల అంటే ఎట్ల?" అంది వాసంతి. "ఈ ఇంట్లోనే కదా... నువ్వే కదా..."

"ఎప్పుడు చెప్పేనండి?"

వాసంతి తువ్వాలు ముడి వదులైతే రెండు చేతులతో బిగించుకుంది.

"ఎప్పుడు చెప్పేనో మీరే చెప్పండి మేడంగారూ."

కరోనా వచ్చిన ఏడాది, జూన్ నెల. విమానాలు లేవు. నాగదుర్గ భర్త వెంకటరాజు ఊళ్ళో పోయాడు. పదిమందికి మించి రాకూడదన్నారు, గంటలో ఎత్తెయ్యాలన్నారు. వరండాలో చాప మీద పడుకోబెట్టిన తండ్రి ముఖానికి ఎదురుగా నాగబాబు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ ఈ వంటింట్లో, వాషింగ్ మెషీన్ మీద ఫోన్‌ని నూనె డబ్బాకి ఆనించి నిలబెట్టుకుని నాగదుర్గ మాట్లాడింది. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత అక్కడ నెట్టు పోయింది.

"మీరు ఈ గుమ్మంలోనే నిలబడ్డారండి, ఇప్పుడు నిలబడ్డట్టే" అంది నాగదుర్గ. "నేను వెనక్కి తిరిగి చూసేను. మీరు వెళ్ళలేదు. హాల్లోంచి సారు కాఫీ అడిగితే ష్ అన్నారు. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసాండీ? నన్ను ఒంటరిగా వదలకూడదని నిలబడ్డారనుకున్నాను. ఆ రోజు నా దగ్గరున్న మనిషి మీరొక్కరేనని ఇన్నేళ్ళూ అనుకుంటా వచ్చేను."

"అందుకే నిలబడ్డా" అంది వాసంతి. "ప్రమాణం చేస్తా. అందుకే నిలబడ్డా నాగదుర్గా."

"మరి రాసుకున్నది ఎప్పుడండీ?"

ఫ్రిజ్జు మోటారు ఆగిపోయింది. 

"ఆ రోజేనా?"

"సాయంత్రం" అంది వాసంతి. గొంతు తనకే వినిపించలేదు. మళ్ళీ అంది, "ఆ సాయంత్రమే. మర్చిపోతానేమోనని."

నాగబాబు గోడకేసి అరచేత్తో కొట్టాడు.

"అదేంది, గోడలు కొడుతున్నడు?" అంటూ శ్యాంప్రసాద్ వచ్చాడు. "ఏం లొల్లి ఇది? పక్క ఫ్లాటోళ్ళు వాచ్‌మెన్‌ను పిలుస్తరు. భోజనానికి ఆశిష్ వచ్చే టైమైంది, అన్నం పొయ్యి మీదికి ఎక్కలేదు."

"మీరు ఆగండి" అంది వాసంతి.

"నేనెందుకు ఆగాలె? ఇది నా ఇల్లు కాదా?"

వాసంతి ఆయన మాట వినిపించుకోలేదు. నాగదుర్గ దగ్గరికి రెండడుగులు వేసింది.

"నేను చెప్పేది ఒక్కసారి విను. ఆ నాటకంలో తెలివైన మనిషి ఒక్కతే. పనిమనిషి. మిగిలినోళ్ళంతా మూర్ఖులు. అయ్యగారు మూర్ఖుడు, కొడుకు మూర్ఖుడు, డాక్టరు మూర్ఖుడు. అది చదివినప్పుడు నాకు నువ్వే కనపడ్డవు. పదిహేనేళ్ళు ఒక్క అక్షరం రాయలేదు నేను. ఛానెలోళ్ళు పనిమనిషికి రెండు సీన్లు చాలన్నరు. నేను కొట్లాడిన. ఆమె లేకుంటే నేను రాయనన్న. నీకోసం..."

"నాకోసమా?"

"అవును, నీకోసమే."

"నాకోసమైతే శుక్రవారం సాయంత్రం నన్ను పెరుక్కి ఎందుకు పంపేరండీ?"

వాసంతి ఫ్రిజ్జు వైపు చూసింది.

"మీరూ సారూ హాల్లో టీవీ పెట్టుకుని కూచున్నారు. నాగదుర్గా, కిందకెళ్ళి పెరుగు పట్రా అన్నారు. ఫ్రిజ్జులో రెండు డబ్బాలున్నాయి. నేను చూసే ఉన్నాను. మేడంగారికి గుర్తులేదేమో, పోన్లే అని వెళ్ళేను. వచ్చి తలుపు కొడితే మీరు వెంటనే తియ్యలేదు. పావుగంట బయటే నిలబడ్డాను. లోపల్నించి నవ్వులు వినిపించేయండి. ఆ నవ్వులు ఇవ్వేనా?"

శ్యాంప్రసాద్ పక్కకు చూశాడు.

"తెలిసే చేశారన్నమాట" అన్నాడు నాగబాబు. "తెలీక రాశారేమో, కాళ్ళావేళ్ళా పడి తీయిద్దామనుకున్నాను బస్సులో. తెలిసే చేశారు."

"మర్యాదగ మాట్లాడు" అన్నాడు శ్యాంప్రసాద్. "ఆమె మీ అమ్మనొక్కదాన్నే సీరియల్ల పెట్టిందా? నన్ను పెట్టలేదా? దగ్గొస్తే చాలు టెస్టులకు ఉరికే అయ్యగారు ఎవరు? నేనే. ఆఫీసుల మా ముదీర్, పెద్ద మేనేజర్‌తో సహా అందరు నన్ను అయ్యగారూ అని పిలుస్తున్నరు. నేనేమన్న అన్ననా?"

"అనలేదా?" వాసంతి గిర్రున తిరిగింది. "వారం నుంచి నాతో మాట్లాడుతున్నరా మీరు? చాయ్ పెడితే తాగుతున్నరా?"

"నా దగ్గుని ఊరంతా నవ్వులపాలు చేస్తే మాట్లాడతనా?"

"అది మీరని ఎవరికి తెలుసు? మీరే పోయి అందరికీ చెప్పుకున్నరు, మా ఆవిడ రాసిందని! మొదటి వారం గొప్పలు మీవి, మూడో వారం అలకలు మీవి!"

"మీ గొడవ మీరు తర్వాత పడండి" అని నాగబాబు గట్టిగా అన్నాడు. "నాకు ఒకటే కావాలి. ఆ ముక్క తీసెయ్యాలి. ఎక్కడా కనపడకూడదు. తీయకపోతే నా దగ్గర ఆ రోజు ఫోన్లో రికార్డయింది ఉంది. మా నాన్న ముఖం, మా అమ్మ గొంతు. మీ సీరియల్ ముక్క పక్కన అదీ పెట్టి వదుల్తాను. అప్పుడు నవ్వుతారో ఏం చేస్తారో చూద్దాం."

"వదులు" అన్నాడు శ్యాంప్రసాద్. "ఈ దేశంల ఒకరి గురించి ఆన్‌లైన్‌ల పెడితే కేసైతది. తెలుసా? జైలు. తర్వాత తిప్పి పంపుడు. నువ్వే కాదు, మీ అమ్మ వీసా నా మీద ఉంది. కఫీల్ నేను, పూచీ నాది. ఒక్క సంతకం, ఖలాస్."

"ఒకరి గురించి పెడితే కేసా?"

"అవును."

"మరి మా అమ్మ గురించి మీరు పెట్టింది ఏంటి సార్?"

శ్యాంప్రసాద్ పెదవులు బిగించాడు. వాసంతి ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"వీసా మాట మళ్ళీ ఎత్తొద్దు. నా ముందర ఎత్తొద్దు."

నాగదుర్గ వాళ్ళిద్దరినీ చూడటం లేదు. కొడుకు చేతిలోని ఫోన్ వైపు చూస్తోంది.

"అది నీ దగ్గరుందా? మీ నాన్నది?"

"ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడుస్తావని."

"వదుల్తావా? మీ నాన్నని మళ్ళీ తీసుకెళ్ళి జనం మధ్యలో పడుకోబెడతావా?" ఆమె చెయ్యి లేచింది. కొట్టలేదు, కానీ నాగబాబు కళ్ళు మూసుకున్నాడు. "ఆవిడ చేసింది తప్పని కదా ఇంత దూరం వచ్చేవు? అదే నువ్వూ చేస్తానంటావా? ఆవిడ రాసింది మాటలే. నువ్వు మనిషినే పెడతానంటున్నావు!"

"నేను మనకోసం..."

"ఆవిడా అదే అంటంది, నాకోసమని! ఎవరూ నాకోసం ఏమీ చెయ్యక్కర్లేదు!"

ఆ ఇంట్లో పనికి కుదిరిన ఏడేళ్ళలో నాగదుర్గ అంత గట్టిగా మాట్లాడటం వాసంతి ఎప్పుడూ వినలేదు.

బెల్లు మోగింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి మోగితే శ్యాంప్రసాద్ వెళ్ళాడు, వెనకే అందరూ హాల్లోకి వచ్చారు.

ఆశిష్ నవ్వుతూ వచ్చాడు. ఆ సీరియల్ నిర్మాత. ఒక చేతిలో మిఠాయి పెట్టె, చంకలో కాగితాల కట్ట.

"జల్దీ వచ్చేసిన మేడం, సారీ. రేపు పొద్దున్నే అజ్మాన్ విల్లాలో షూటింగ్ కదా, లాస్ట్ ఎపిసోడ్ డైలాగులు ఒకసారి చూసుకుందాం. అరే, బిర్యానీ వాసనే లేదేంది?"

ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగాడు. వాసంతి రెండు ముక్కల్లో విషయం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆశిష్ నాగదుర్గనే చూశాడు.

"ఈమేనా? ఆవకాయ జాడీ ఈమెదా?" కాగితాలు బల్ల మీద పడేశాడు. "అమ్మా, నీకు దండం! పన్నెండు లక్షల మంది చూసిన్రు తెలుసా? మేడం, ఇది చాలా పెద్ద సంగతి. అసలు మనిషి మన దగ్గరే ఉంది. రేపు సెట్‌కి తీసుకురండి. కెమెరా ముందు ఒక్క నిమిషం. అదే మాట ఆమె నోటితోనే..."

నాగబాబు అతని చొక్కా పట్టుకున్నాడు. మిఠాయి పెట్టె కింద పడింది. శ్యాంప్రసాద్ మధ్యలో దూరి ఇద్దరినీ విడదీసేసరికి చొక్కా పై గుండీ తెగి ఎక్కడో పడింది.

"క్యా పాగల్ హై! ఎవడు వీడు?"

"ఆ అమ్మ కొడుకు" అంది వాసంతి. "ఆశిష్‌గారూ, ఆ సీన్ తీసెయ్యండి."

"ఏంటి?"

"ఏడుపు సీన్ తీసెయ్యండి. నేను రాసిచ్చిందే కదా, నేనే అడుగుతున్న. దాని ముక్కలు ఎక్కడెక్కడ పెట్టిన్రో అన్నీ తీయించండి."

నాగదుర్గ తల తిప్పి ఆవిడ వైపు చూసింది. ఆ రోజు వాసంతి ముఖాన్ని ఆమె నేరుగా చూడటం అదే మొదలు.

"మేడం, ఆ సీన్‌తోనే సీరియల్ నడుస్తోంది. అది తీస్తే ఏముంది? సరే, తీద్దాం అనుకుందాం. అప్పుడు లాస్ట్ ఎపిసోడ్ ఎట్లా? ఆమె ఏడవకపోతే ఆయన లేవడం ఎట్లా?"

"లేవడమేంటి?" అంది నాగదుర్గ.

ఆశిష్ వాసంతిని చూశాడు. వాసంతి నేలను చూసింది.

"ఎవరు లేవడం? మేడంగారూ?"

నాగబాబు బల్ల మీది కాగితాలు లాక్కున్నాడు. తిరగేశాడు. ఒక పేజీ దగ్గర వేలు ఆపి, కూడబలుక్కుంటూ చదివి, తల్లి వైపు చూశాడు. అతని ముఖంలో కోపం ఉన్న చోట ఇంకేదో వచ్చి నిలబడింది.

"ఏం రాశారురా?"

"అందులో ఆయన చావలేదమ్మా."

"ఎవరు?"

"ఆ అయ్యగారు. చచ్చినట్టు పడుకున్నాడంతే. తను పోతే ఎవరు నిజంగా ఏడుస్తారో చూద్దామని. ఇంట్లోవాళ్ళు ఎవరూ ఏడవలేదు. పనిమనిషి ఒక్కతే ఏడ్చింది. ఆ ఏడుపు విని..." అతను ఆ లైను మీద మళ్ళీ వేలు పెట్టాడు. "లేచి కూచుంటాడు."

 తరిగిన ఉల్లిపాయల ఘాటు హాల్లోకి వస్తోంది. శ్యాంప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏడిస్తే లేస్తాడా?" అంది నాగదుర్గ.

"లేస్తాడంట."

"లేచి ఏమంటాడు?"

పొద్దుటినుంచి ఆమె గొంతులో ఉన్న పదును ఆ ఒక్క మాటలో లేదు. చిన్నపిల్ల కథ మధ్యలో అడిగినట్టు అడిగింది.

నాగబాబు కిందికి చదివాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. కాగితాన్ని మడతపెట్టేశాడు.

"నేను చెప్పను."

"చదవరా."

"చదవనన్నాను కదా! వీళ్ళేం రాసుకున్నా నాన్న అలా అనడు!"

"మీ నాన్న ఏమంటాడో నాకు తెలుసు. ఆ అయ్యగారేమంటాడో నేను వినాలి." కొడుకు వేళ్ళ మధ్యనుంచి కాగితం లాక్కుని, మడత విప్పి, వాసంతి ముందుకు చాపింది. "నాకు చదువు రాదు. మీరు చదవండి మేడంగారూ."

"వద్దు నాగదుర్గా. మార్చి రాస్త. ఇప్పుడే కూర్చుని మార్చేస్త."

"మార్చేక కాదండి. ఉన్నది ఉన్నట్టు చదవండి. నేను ఏడ్చిందంతా ఆ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు కదా. ఇప్పుడు నేను వింటాను."

"మేడం, టైమవుతోంది..." అన్నాడు ఆశిష్.

"ఆగవయ్యా" అన్నాడు శ్యాంప్రసాద్.

వాసంతి కాగితం అందుకుంది. తను రాసిన అక్షరాలే. రెండు నెలల కిందట రాసినప్పుడు తనకే నవ్వొచ్చి, పక్కగదిలో ఉన్న భర్తను పిలిచి వినిపించిన మాటలే.

"అయ్యగారు చాప మీద లేచి కూర్చుంటాడు" అని చదివింది. "పనిమనిషి వైపు తిరిగి..."

తర్వాత ఉన్న ఆవకాయ జాడీ వేళాకోళం దగ్గర ఆగిపోయింది. దాని పక్కనే బ్రాకెట్లో, తన చేతివ్రాతతోనే, నవ్వులు అని రాసి ఉంది.

"ఊఁ" అంది నాగదుర్గ. "తిరిగి?"